మీ తాతయ్య గురించి రాసేటప్పుడు

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

మీ తాతయ్య మీద రాసిన వ్యాసం అందింది. ఆయన పోయి ఏడాదైనా తిరక్కముందే రాయడానికి కూర్చున్నావంటే ఎంత దుఃఖం దిగమింగుకున్నావో తెలుస్తోంది. అందుకే ‘బాగుంది’ అని చెప్పి ఊరుకోలేను.

మొదటి భాగం నేవీ, రెండోది మనవలతో ఆటలు, మూడోది ఫియట్ కారు. చదువుతుంటే ఒకే ఇంట్లో ఒకరినొకరు ఎరగని ముగ్గురు మనుషులు కాపురం ఉన్నట్టుంది. ఆ ముగ్గురూ ఒక్కడేనని పాఠకుడికి తెలియాలి. అందుకు కావలసిన సరుకంతా నీ కాయితాల్లోనే ఉంది, చెల్లాచెదురుగా.

‘ఘాజీని ముంచిన వీరుల్లో మా తాతయ్య ఒకరు’ అని, 1971 యుద్ధంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామితో మొదలుపెట్టావు. బీచ్ రోడ్డులో ఆ యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం చూస్తూ పెరిగిన పిల్లవి, ఆ మాట నోటికి రావడం సహజమే. కానీ ఆయన మన విమానవాహక నౌక విక్రాంత్ బాయిలర్ రూములో పనిచేశారని కిందనే రాశావు. 1971 డిసెంబరు 3 రాత్రి తెల్లారితే 4 అనగా ఘాజీ మన తీరంలో మునిగింది. అప్పుడు విక్రాంత్ ఇక్కడ లేదు, అండమాన్ల వైపు ఉంది. ఘాజీ అంత దూరం వచ్చిందే విక్రాంత్‌ని వెతుక్కుంటూ. ఆ 4వ తారీఖునే విక్రాంత్ మీంచి లేచిన సీహాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడికి దిగాయి.

అసలు కథ నువ్వు వదిలేశావు. యుద్ధానికి ముందే విక్రాంత్ బాయిలర్ ఒకటి పగుళ్లిచ్చింది. ఓడ పూర్తి వేగం అందుకోలేదు. దాన్ని పంపాలా వద్దా అని పెద్ద పెద్ద అధికారులు తర్జనభర్జన పడ్డారు. చివరికి ఆ జబ్బుతోనే బయల్దేరింది. డెక్కు మీంచి విమానం లేవాలంటే ఎదురుగాలి కావాలి. గాలి చాలనప్పుడు ఓడ పరుగే దిక్కు. ఆ పరుగుకి ఆవిరి అందించేవాళ్లు అడుగున, ఆకాశం కనపడని చోట, ఒళ్లు ఉడికిపోయే వేడిలో నిలబడి ఉంటారు. మీ తాతయ్య చోటు అది. ఆయనకి ఘాజీ గొప్ప అరువు తెచ్చి పెట్టక్కర్లేదమ్మా.

ఇక కారు. ‘కారంటే ప్రాణం, అపురూపంగా చూసుకునేవారు’ అన్నావు. ఎవరి కారు గురించైనా ఎవరైనా రాయగల మాటిది. మల్కాపురంలో ఉప్పుగాలి ఇనుముని ఎలా తినేస్తుందో నీకు తెలుసు, మీ కిటికీ ఊచలే చెబుతాయి. అలాంటి చోట ఫియట్ 1100 అన్నేళ్లు నిలిచిందంటే ఊరికే నిలవలేదు. మంచినీళ్లతో అడుగంతా కడిగి, ఆరాక, వాడేసిన ఇంజనాయిలు గుడ్డకి పట్టించి ఛాసిస్ అంతా రుద్దేవారని మొన్న మాటల్లో నాకు చెప్పావు. వ్యాసంలో అది ఏది? ఒక ఆదివారం మొత్తం రాయి. స్టీరింగ్ పక్కనున్న గేరు రాడ్డు దగ్గర్నించి, బానెట్ మూసే చప్పుడు దాకా. మెడల్స్ పేరా తీసేసినా నష్టం లేదు.

నీ వ్యాసంలో రెండు వాక్యాలు నన్ను పట్టుకున్నాయి. స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కి, కళ్లు మూసుకుని, ‘వాటర్ పంపు బేరింగు పోతంది’ అనేవారన్నది ఒకటి. చిన్నప్పుడు ఎంత పిలిచినా పలికేవారు కాదు, నా మీద కోపమేమో అనుకునేదాన్ని అన్నది రెండోది. ఒకటి మొదటి పేజీలో, ఇంకొకటి చివర్లో పడేశావు. ఏళ్ల తరబడి పెద్ద మోత మధ్య పనిచేసినవాళ్ల చెవుల్లో ముందుగా పోయేవి సన్నటి శబ్దాలు. పిట్టకూత పోతుంది, పసిపిల్ల గొంతు పోతుంది. బరువైన చప్పుళ్లు చాలాకాలం నిలుస్తాయి. ఇంజను లోపలి గురగుర ఆయనకి అందింది, నీ పిలుపు అందలేదు. ఆ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టు. నీ ముగ్గురు తాతయ్యలూ అక్కడ ఒక్కడైపోతారు. నా వివరణ మాత్రం అందులో దూర్చకు.

ఆయన చేత పుస్తకాల తెలుగు మాట్లాడించొద్దు. ‘క్రమశిక్షణే జీవితం నాయనా’ అని ఆయన అనుండరు. ‘ఏటే, బండి తుడిసేసినావా?’ అనుంటారు. అది చాలు, క్రమశిక్షణ అందులోనే ఉంది.

ఇంకొకటి. ఇది చదివి నేను కాసేపు కాయితం పక్కన పెట్టేశాను. పాత కార్లు తప్ప కొత్త బండి మొహం చూడని మనిషి, 2016లో పట్టుబట్టి మీ తమ్ముడికి బజాజ్ వీ బైకు కొన్నారనీ, అందరూ నవ్వారనీ సరదాగా రాసి దాటిపోయావు. విక్రాంత్ 1997లో కొలువు దిగింది. ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉండి, 2014లో తుక్కు కింద ముక్కలైంది. ఆ ఉక్కులో కొంత కొని, కరిగించి, ఆ బైకులో కలిపారు.

ఆయనకి ఇది తెలిసే కొన్నారని నా నమ్మకం. కానీ నా నమ్మకం నీ వ్యాసంలోకి రాకూడదు. పోయిన మనిషి మనసులో మనకి నచ్చిన ఆలోచన పెట్టే హక్కు మనవరాలికైనా లేదు. నానమ్మని అడుగు. షోరూముకి ఎవరు తోడు వెళ్లారు, వేరే బండి చూపిస్తే ఏమన్నారు, ఇంటికొచ్చాక ట్యాంకు మీద చెయ్యి వేశారా, తమ్ముడికి గుర్తుందేమో కనుక్కో. ఎవరికీ ఏమీ తెలియకపోతే ఓడ ఉక్కు సంగతి, బైకు కొన్న సంగతి ఉన్నవున్నట్టు చెప్పి వదిలెయ్.

ఆయన సర్వీసు పుస్తకం బీరువాలో ఉంటుంది, తీసి ఓడల పేర్లూ తారీఖులూ సరిచూసుకో. ఫియట్‌కి చివరిదాకా పనిచేసిన మెకానిక్ దగ్గర ఒక పూట కూర్చో. నీకు తెలియని తాతయ్య అతనికి తెలుసు. సంక్రాంతికి వస్తావు కదా, కొత్త ప్రతి తీసుకురా, కలిసి చదువుదాం. నానమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.