మామిడి ఒరుగులకు బూజు పట్టకుండా ఉండాలంటే డ్రయ్యర్ కొనాల్సిందేనా?

పెరట్లో కాసిన కాయలతో ఒరుగులు, అంటే ఎండబెట్టి దాచుకునే పచ్చి మామిడి ముక్కలు, పెట్టా, వారానికే డబ్బాలో ముక్కల మీద తెల్లగా పట్టింది, అది బూజేనా, వచ్చే ఏడాదికి కరెంటు డ్రయ్యర్ కొందామా అని అడిగారు. డ్రయ్యర్ వద్దండీ బాబూ. ఆ డబ్బులతో రెండు నులక మంచాలు అల్లించుకోండి. ఎందుకంటానో చెప్తా, కొంచెం పొడుగవుద్ది.

మాది ఉలవపాడు పక్కన పల్లె. హైవే మీద పోయేటప్పుడు రోడ్డు వారగా గంపల్లో బంగినపల్లి పళ్లూ సపోటాలూ పెట్టుకుని కూర్చునుంటారే, అక్కడే. 2022లో మా మండలాన్ని ప్రకాశంలోంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు చుట్టాలంతా ఫోన్ చేసి ఇప్పుడు మీది ఏ జిల్లా మామిడి అని ఒకటే ఎగతాళి. కాయ మారిందా ఏంది.

నాకు పెళ్లయింది 2010లో. ఆ మే నెలలోనే లైలా తుఫాను. 20వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ మాకు అంతకుముందు నుంచే గాలీ వానా. సరిగ్గా ఆ ముందు రోజే మా అత్తమ్మ మిద్దె మీద రెండు మంచాల నిండా వట్టి ముక్కలు, అంటే ఉప్పు వెయ్యకుండా ఆరబోసే రకం, పరిచింది. మబ్బు పట్టగానే హడావిడిగా దించి హాల్లో చాప మీద పోసి ఫ్యాన్ వేశాం. కాసేపటికే కరెంటు పోయింది, మళ్లీ నాలుగు రోజులకు గానీ రాలా.

ఆ రాత్రి పెరట్లో దబ్ దబ్ మని కాయలు రాలుతూనే ఉన్నాయి, రేకుల మీద పడ్డప్పుడల్లా ఉలిక్కిపడి లేచేదాన్ని. తెల్లారి చూస్తే చెట్టు కింద నేల కనపడలా. ఊళ్లో తోటలున్నోళ్లంతా తల పట్టుకుని కూర్చున్నారు, రాలిన కాయ అడిగే నాథుడు లేడు. మా అత్తమ్మ మాత్రం గోతాం కొప్పెర పెట్టుకుని వానలోనే దిగి గంపలు గంపలు లోపలికి చేరేసి, "ఏమ్మే, కత్తిపీట అందుకో" అనింది. నేనేమో కందుకూరులో అద్దె ఇంట్లో పెరిగినదాన్ని, ఒరుగులంటే కొట్లో పొట్లం కట్టిస్తారని తెలుసు అంతే. ఎండే లేదు గదా అత్తమ్మా, ఇప్పుడు కోసి ఏం చేస్తాం అన్నా. "ఎండొచ్చేదాకా ఉప్పు కాపాడుద్దిలే" అనింది.

ఒక్కో కాయనీ చేతిలో తిప్పుతా బొటనవేలితో నొక్కి చూసేది. పగిలింది ఆ పూట పప్పులోకి. దెబ్బ తగిలి మెత్తబడ్డ చోట చుట్టూ ఇంకొంచెం గట్టి భాగం కూడా కలిపి చెక్కి పారేసేది, నాకు పాపం అనిపించేది గానీ ఒక్క మెత్త ముక్క పోయినా జాడీ అంతా చెడుద్దట. మిగతాదంతా తోలు తీసి, చిటికెన వేలు మందం దాటకుండా పొడుగు బద్దలు. కేజీ ముక్కలకు నిండు గుప్పెడు కల్లుప్పు, చినగంజాం కొఠార్ల నుంచి తెచ్చిన గళ్లుప్పు, కాస్త పసుపు. జాడీలో పొర మీద పొర. మర్నాటికి ముక్కలు మునిగేంత ఊట వచ్చేసింది. నా వేళ్లు మాత్రం ఆ పులుపుకీ ఉప్పుకీ చీరుకుపోయి అన్నం కలుపుకోలేకపోయా, స్పూన్‌తో తింటుంటే మా మామయ్య నవ్వుతా ఉన్నాడు.

ఇంతలో హాల్లో పోసిన వట్టి ముక్కలకు మూడో రోజుకల్లా ఆకుపచ్చగా నూగు లేచింది. గేదెకు వేస్తే అది కూడా మూతి పెట్టలా. జాడీలోవి చూస్తే ఏమీ కాలేదు. అయిదో రోజు ఎండ కాసింది, ఊట పిండి మంచం మీద పాత నూలు చీర పరిచి పోశాం, మూడు రోజుల్లో ఎండిపోయినయ్. అందుకే చెప్తున్నా, మబ్బులుంటే వట్టి ఒరుగుల జోలికి పోవద్దు.

ఇంకోటి, అందరూ ఎండ ఎండ అంటారు గానీ ముక్కను ఆరబెట్టేది గాలి. మాకు మధ్యాహ్నం దాకా పడమటి వడగాలి కొడుద్ది, అది చాలు. పొద్దు వాలి సముద్రపు గాలి తిరిగిందంటే చర్మం జిడ్డుగా తగులుద్ది, ఇక ఆ తర్వాత మిద్దె మీద ఉంచితే ఎండింది కాస్తా మళ్లీ తేమ పీల్చుకుంటది. ప్లాస్టిక్ పట్టా మీద పోస్తే కింద వైపు చెమట పట్టుద్ది, మీరు పట్టా మీదే పోసుంటారు, పందెం. మంచం అయితే కిందనుంచి కూడా గాలి ఆడుద్ది. కొందరు రాత్రికి మళ్లీ ఊటలో వేస్తారు, అది మాగాయ పద్ధతి, ఒరుగులకు కాదు.

డ్రయ్యర్ సంగతికొస్తే మా మరిది హైదరాబాదులో ఒకటి కొన్నాడు. తొందరగా అవ్వాలని వేడి బాగా పెంచాడు, పైన పెచ్చు కట్టేసి లోపల పచ్చిగానే ఉండిపోయినయ్, పది రోజులకు డబ్బా మొత్తం కంపు. వేడి తగ్గించి పెట్టుకుంటే పనిచేస్తదేమో, ఆ కరెంటు బిల్లు మీరు కట్టుకోండి. వీడే ఇల్లు కట్టేటప్పుడు కారు పెట్టను చోటు లేదని రెండు కాయ చెట్లు కొట్టించినోడు. పది కేజీల కాయ కోస్తే కేజీ ఒరుగులు రావడమే గొప్ప, దానికి మిషను ఏందో.

ఆ తుఫాను ఒరుగులు మాకు సంక్రాంతి దాకా వచ్చినయ్. పచ్చి కాయ దొరకని రోజుల్లో చేపల పులుసులో చింతపండుతో పాటు నాలుగు ముక్కలు నానబెట్టి వేస్తే, ఆహా. ఇప్పుడు హోటళ్లు నెల్లూరు చేపల పులుసు అని ఇంత పెద్ద బోర్డు పెడతారు, గరిటె పెట్టి దేవినా ఒక్క మామిడి ముక్క తగలదు.

మీ తెల్లదనం సంగతి మర్చిపోయా. ఉప్పు వేసి పెట్టుంటే అది ఉప్పు పైకి తేలిందేమో కూడా. గోటితో గీకి చూడండి, గరగరలాడి నీళ్లలో కరిగిపోతే ఉప్పే. నూగులాగా ఉండి ముక్కిన వాసన వస్తుంటే డబ్బాతో సహా పారెయ్యండి, కడిగి ఎండబెట్టి వాడదామని చూడొద్దు. ఉప్పు వేసినవి విరగవు, తోలులాగా వంగుతాయి, అది తప్పు కాదు. వట్టివి మాత్రం టక్కున విరగాలి. మిద్దె మీదనుంచి తెచ్చిన వేడి మీదే డబ్బాలో పోసి మూత పెట్టారా? లోపల ఆవిరి పట్టుంటది. ముందు మూత తీసి వాసన చూసి, ఉప్పు వేశారో లేదో చెప్పండి.