ఊటనీటికి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఇకపై ఇంటికి తాగునీటిని రోడ్డు పక్కనున్న ఊట నుంచే తెచ్చుకోవాలనుకుంటున్నట్లు రాశావు. ఆలోచన మంచిదే. అయితే నీరు తేటగా, చల్లగా, రుచిగా ఉంది కదా అని తాగడానికి పనికివస్తుందని తేల్చుకోవద్దు. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ పంపు నీరు రుచిగా ఉంటుందని జనం కోరి పట్టుకునేవారు. ఆ ఏడాది అక్కడ కలరా ప్రబలడానికి ఆ నీరే కారణమని వైద్యుడు జాన్ స్నో చూపించాడు.

అందువల్ల మొదటిసారి వెళ్లినప్పుడు నీళ్లు పట్టే పని పెట్టుకోకుండా, ఊటకు ఎగువన ఏముందో తిరిగి చూడు. నేలలోకి ఇంకిన వాననీరు ఇసుక పొరల గుండా, రాతి పగుళ్ల వెంట సాగి, కిందికి దిగనివ్వని బంకమట్టో గట్టి రాయో అడ్డుపడినచోట వాలు మీద బయటపడుతుంది. కాబట్టి ఊట మంచిచెడ్డలు చాలావరకు పై వాలులోనే తేలిపోతాయి. అక్కడ మరుగుదొడ్ల గుంతలు, పశువుల కొట్టాలు, ఎరువులూ పురుగుమందులూ వాడే పొలాలు ఉంటే ఆ నీటిని అనుమానించాల్సిందే. సున్నపురాతి నేల అయితే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆ రాతిలోని పెద్ద సందుల గుండా నీరు సరిగా వడకట్టుకోకుండానే త్వరగా బయటికి వచ్చేస్తుంది.

నేను ఎక్కువగా నమ్మే గుర్తు ఒకటుంది. పెద్దవాన పడిన మరునాడు వెళ్లి చూడు. లోతు నుంచి వచ్చే ఊట వానకు వెంటనే పొంగదు, రంగు మారదు, ఎండాకాలంలోనూ చలికాలంలోనూ దాదాపు ఒకే చల్లదనంతో ఉంటుంది. అలా కాక ధార ఒక్కసారిగా లావెక్కినా, గాజుగ్లాసులో పట్టి వెలుతురుకు ఎదురుగా పెడితే సన్నని నలకలు తేలుతూ కనిపించినా, పైనేల నీరు అందులో కలుస్తోందని అర్థం. అలాంటి నీటిని ఎండరోజుల్లో కూడా కాచకుండా తాగవద్దు.

ఇలాంటి గుర్తులు అనుమానం పుట్టించడానికి పనికివస్తాయి కానీ భరోసా ఇవ్వవు. ఆ ఊటను చూసుకునే స్థానిక సంస్థ దగ్గర పరీక్షా ఫలితం ఉందేమో అడుగు, లేకపోతే నువ్వే ప్రయోగశాలలో చేయించు, ‘తాగరాదు’ అన్న బోర్డు ఉంటే ఎవరు ఏం చెప్పినా వెనక్కి వచ్చేయి. 100 మిల్లీలీటర్ల నీటిలో, మలం కలిసిందని తెలిపే ఇ.కోలి బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదు. ఎరువుల నుంచీ మురుగు నుంచీ నీటిలో చేరే నైట్రేట్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. ఇంట్లో పసిబిడ్డ ఉంది కనుక ఈ అంకెను ప్రత్యేకంగా చూడు. అది ఎక్కువైతే పసివారి రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది. కాచడం వల్ల క్రిములు చస్తాయే గాని నైట్రేట్ పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. క్రిముల కోసమైతే నీరు తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం, 2,000 మీటర్లకు పైబడిన ఎత్తులో 3 నిమిషాలు మరగనిస్తే చాలు.

ఊట ఎంత మంచిదైనా క్యాను మురికిగా ఉంటే ఫలితం ఉండదు. ఆహార పదార్థాల కోసం తయారైన, మూతి సన్నగా ఉన్న క్యాన్లే వాడు. నూనెలు, రసాయనాలు పోసినవాటిని ఎంత కడిగినా తాగునీటికి పెట్టవద్దు. మూత లోపలి మరల మధ్య వేలితో రాసి చూడు, జారుడుగా తగిలితే అక్కడ జిగురుపొర కట్టిందన్నమాట. చిన్న బ్రష్షుతో తోమి, కడిగి, పూర్తిగా ఆరనివ్వు. నింపేటప్పుడు గొట్టం చివరను క్యాను మూతికి తాకించకు, మూతను నేల మీద పెట్టకు. 20 లీటర్ల క్యాను నిండితే 20 కిలోలకు పైగా తూగుతుంది కాబట్టి, నాచు పట్టిన తడిరాళ్ల మీద మోయడానికి 10 లీటర్లవి రెండు నయం.

బండిని రోడ్డు నుంచి పూర్తిగా పక్కకు తీసి ఆపు, పిల్లలను వాహనాలు వెళ్లే వైపు దిగనివ్వకు. నీ దగ్గర నాలుగు క్యాన్లు ఉండి, వెనకాల ఒక్క సీసాతో ఎవరైనా నిలబడితే ముందు వారిని పట్టుకోనివ్వు. ధార దగ్గర సబ్బు వాడటం, బండి కడగటం, కాళ్లు కడుక్కోవటం వంటివి చేయకు. ఆ నీటిని తాగేవాళ్లు నీ తరువాత కూడా వస్తారు.

ఇంటికి తెచ్చిన నీటిని వెలుతురు పడనిచోట పెట్టి, గ్లాసు ముంచకుండా వంచుకుని వాడుతూ, కొద్దిరోజుల్లోనే అయిపోయేంత మాత్రమే తెచ్చుకో. పరీక్షా ఫలితం చేతికి రాగానే నైట్రేట్ అంకె ఎంతో నాకు రాయి. అంతవరకు పెద్దవాళ్లు కాచుకునే తాగండి, పసిదానికి మాత్రం ఈ నీరు పట్టవద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న