గేమింగ్ కంపెనీ ఫీజు తీసుకున్నవాడు సర్కారు కమిటీలో ఉండొచ్చా?

ప్రశ్న: మాది కావలి. మా తమ్ముడు ఫోన్లో రమ్మీ ఆడి రెండు లక్షల దాకా పోగొట్టాడు. ఇలాంటి ఆటల మీద ప్రభుత్వం సలహా కమిటీ వేసి, అందులో గేమింగ్ కంపెనీల దగ్గర ఫీజు తీసుకున్న నిపుణుణ్ణి కూర్చోబెడితే పాలకు పిల్లిని కాపలా పెట్టినట్టే కదా సార్? కోర్టుకెళ్లి ఆ కమిటీని కొట్టేయించొచ్చా?

జవాబు: మీ కడుపుమంట న్యాయమైనదే. కానీ ఆ సభ్యుడు ఎవరి మనిషి అన్నదానికంటే ముందు, ఆ కమిటీ చేతిలో ఏముంది అని కోర్టు చూస్తుంది. సలహా కమిటీ రిపోర్టు ఇచ్చి లేచిపోతుంది. దాన్ని అమలు చేస్తారో, బీరువాలో పడేస్తారో ప్రభుత్వం ఇష్టం. విచారణ కమిషన్ సిఫార్సులకే వాటంతట అవి అమలయ్యే బలం లేదని సుప్రీంకోర్టు 1958లో రామకృష్ణ దాల్మియా కేసులో చెప్పింది. ఆ రిపోర్టు చూసి చట్టమే చేశారనుకోండి, మీ పని ఇంకా కష్టం. ఎన్టీఆర్ ప్రభుత్వం ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి తగ్గించినప్పుడు వచ్చిన కె. నాగరాజ్ కేసు గుర్తుందా? దురుద్దేశంతో చేశారన్న కారణం మీద శాసనాన్ని కొట్టేయడం కుదరదని అందులో తేల్చేశారు.

అలాగని తలుపులన్నీ మూసుకుపోలేదు. 1969 నాటి క్రైపాక్ కేసు నాకు చాలా ఇష్టం. జమ్మూ కాశ్మీర్‌లో ఫారెస్ట్ సర్వీసు ఎంపిక బోర్డులో ఒక అధికారి సభ్యుడు. ఆ పోస్టుకు అభ్యర్థి కూడా ఆయనే! తన పేరు వచ్చినప్పుడు పక్కకి తప్పుకున్నాడు, పోటీదారుల పేర్లు వచ్చినప్పుడు మాత్రం దర్జాగా కూర్చున్నాడు. చివరికి జాబితాలో మొదటి పేరు ఆయనదే. ఆ బోర్డు చేసింది కూడా సిఫార్సే, తర్వాత చూడాల్సింది యూపీఎస్సీ. అయినా సుప్రీంకోర్టు ఆ ఎంపికను రద్దు చేసింది. కాబట్టి మీరు చెప్పే కమిటీ ఫలానా కంపెనీకి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది తేలిస్తే, పక్షపాతం వాదన నిలబడే అవకాశం ఉంది. ఊరికే విధానం మీద సలహా ఇస్తే మాత్రం కష్టం. ఏదైనా అది కావలి కోర్టులో వేసే దావా కాదు, హైకోర్టులో రిట్.

అంతకంటే ముందు 10 రూపాయల పని ఒకటుంది. కమిటీ వేసిన శాఖకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. కమిటీ వేసిన జీవో, మీటింగుల మినిట్స్, సభ్యులు తమకున్న కంపెనీ సంబంధాల గురించి రాసిచ్చిన కాగితాలేమైనా ఉంటే వాటి కాపీలు అడగండి. నెల్లూరు కోర్టు బయట టైపు చేయించుకొచ్చే అర్జీల్లో చాలావాటిలో 'ఇతన్నే ఎందుకు వేశారు?' అని ఉంటుంది. ఆ చట్టం కింద వాళ్ల దగ్గరున్న కాగితం ఇస్తారు గానీ, సంజాయిషీ ఇవ్వరు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. నిర్ణయం వెలువడేదాకా కేబినెట్ కాగితాలు ఇవ్వడానికి మాత్రం వాళ్లు నిరాకరించొచ్చు.

సంబంధం బయటపడిందా, ఆ రోజే అభ్యంతరం రాసి పంపి రసీదు దాచుకోండి. తెలిసి కూడా ఊరుకుని, రిపోర్టు నచ్చలేదని తర్వాత లేస్తే ఆ హక్కు వదులుకున్నట్టేనని 1957లోనే మానక్‌లాల్ కేసులో చెప్పారు.

ఇక మీ తమ్ముడి సంగతి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆడించేవాళ్లకు, ప్రకటనలు ఇచ్చేవాళ్లకు, డబ్బు లావాదేవీలు జరిపించేవాళ్లకు శిక్ష వేస్తుంది గానీ ఆడినవాళ్లకు కాదు. కానీ మన రాష్ట్ర గేమింగ్ చట్టానికి 2020లో తెచ్చిన సవరణలో ఆడినవాళ్లకూ శిక్ష ఉంది. అందుకని స్టేషన్‌కి వెళ్లేముందు బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని ఒకసారి లాయరుకు చూపించండి.