ఇంటి మీద ప్రేమ ఉంటే విశ్వాసం లేనట్టేనా?

ప్రశ్న: నా వయసు 41. హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. పెళ్లయినప్పటి నుంచి ఇళ్లు మారడమే సరిపోయింది. నాన్నగారు పోయి రెండేళ్లయింది. తెనాలి దగ్గర మా ఊళ్లో ఆయన కట్టించిన ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. నాన్నగారి సమాధీ అక్కడే. అమెరికాలో ఉన్న అన్నయ్య ఇల్లు అమ్మేసి, అమ్మను కొన్నాళ్లు తన దగ్గర, కొన్నాళ్లు నా దగ్గర ఉంచుదామంటున్నాడు. నేను ఏడిస్తే, "మనం ఈ లోకంలో యాత్రికులం, మన ఇల్లు పరలోకంలో ఉంది, మట్టి గోడల మీద ఇంత మోజేంటి?" అంటాడు. మా పాస్టరుగారూ అదే మాట అన్నారు. నిజంగా నాకు విశ్వాసం తక్కువా? క్రిస్మస్‌కి వస్తున్నాను, సంతకాలకు రెడీగా ఉండండి అని అన్నయ్య ఒకటే టెన్షన్ పెడుతున్నాడు.

జవాబు: తక్కువేమీ కాదమ్మా. ముందు ఆ బరువు దించుకోండి.

మీ అన్నయ్య చెప్పిన మాట బైబిల్లో ఉన్నదే. అబ్రాహామూ అతని ఇంటివాళ్లూ పరదేశులుగా, యాత్రికులుగా బతికారని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం అంటుంది. మరి శారా చనిపోయినప్పుడు ఆ యాత్రికుడే ఏం చేశాడు? హెబ్రోను దగ్గర మక్పేలా గుహనూ, దాని పక్క పొలాన్నీ 400 తులాల వెండి తూచి ఇచ్చి, ఊరి పెద్దల ఎదుట కొన్నాడు. ఊరికే తీసుకోమన్నా ఒప్పుకోలేదు. భార్యను పాతిపెట్టిన నేల తనదై ఉండాలని అంత పట్టుబట్టిన మనిషిని విశ్వాసులకు తండ్రి అంటున్నాం. మీ కన్నీళ్లకు ఎవరు వంక పెట్టగలరు?

"మట్టి గోడలు" అన్న ఆ చిన్నచూపు కూడా నాకు నచ్చలేదు. ఆదికాండం రెండో అధ్యాయం ఒకసారి నిదానంగా చదవండి. దేవుడు మనిషిని నేలమంటితో చేసి, తోట వేసి, అందులో ఉంచాడు. ఒంటరిగా ఉండటం మంచిది కాదని తోడునిచ్చింది ఆ తరవాతే. తోడు కన్నా ముందు చోటు! కంటికి కనిపించే ఈ లోకం తక్కువరకం దేవుడెవరో చేసిన పని, ఆత్మ ఒక్కటే గొప్పది అని బోధించినవాళ్లు రెండో శతాబ్దంలోనే ఉన్నారు. లియోన్ బిషప్ ఇరేనియస్ వాళ్లను ఖండిస్తూ సుమారు 180లో ఏకంగా అయిదు పుస్తకాలు రాశాడు. సంఘం ఆయన పక్షానే నిలబడింది. ఇక ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో కొత్త యెరూషలేము పైనుంచి కిందికి దిగి వస్తుంది, దేవుడే మనుషుల మధ్య కాపురముంటాడు. పరలోకం పేరు చెప్పి నేలను తీసిపారేసేవాళ్లు ఈ చివరి పేజీల దాకా ఎందుకు రారో!

ఇప్పుడు మీకు కాస్త కష్టంగా ఉండే మాట. మీ ఉత్తరంలో మీ బాధ ఉంది, అన్నయ్య తొందర ఉంది, పాస్టరుగారి బోధ ఉంది. అమ్మగారు ఏమన్నారో ఒక్క ముక్క లేదు. ఆవిడను అడిగారా?

తొలి శతాబ్దాల పెద్ద క్రైస్తవ బోధకుడు అగస్టీన్ తల్లి మోనికా కథ చూడండి. ఉత్తర ఆఫ్రికాలోని తన ఊళ్లో, భర్త పక్కనే సమాధి కావాలని ఆవిడ ఎన్నాళ్లుగానో ఏర్పాట్లు చేసుకుంది. 387లో ఇంటికి తిరిగి వెళ్లే దారిలో, ఓడ ఎక్కకముందే రోము దగ్గరి ఓస్తియా రేవులో జబ్బుపడింది. అమ్మ పరాయి దేశంలో పోకూడదని ఒక కొడుకు ఆరాటపడితే, "ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, దాని గురించి బెంగ వద్దు, బలిపీఠం దగ్గర నన్ను తలుచుకోండి చాలు" అన్నట్టుగా చెప్పింది. ఎంత పెద్ద మాట! అది తల్లి నోటి నుంచి వచ్చింది కాబట్టే పెద్దది. అదే మాట కొడుకు ముందుగా అనేసి కాగితాలు చాపితే ఇల్లు ఖాళీ చేయించడమే అవుతుంది.

అలాగని మీ చిన్ననాటి ఇల్లు మీకు ఉండాలని ఆవిడను అక్కడ కాపలా ఉంచడమూ న్యాయం కాదు. అద్దె ఇళ్లలో తిరిగి తిరిగి, నాకంటూ ఒక చోటు ఉందన్న ధీమాను మీరు ఆ ఇంట్లో దాచుకున్నారని నాకనిపిస్తోంది. తప్పు లేదు. కాకపోతే ఆ లోటును ఆ గోడలు పూర్తిగా తీర్చలేవు. తరతరాలుగా మాకు నివాసస్థలం నీవే అని 90వ కీర్తన దేవుడితో అంటుంది. ఎడారిలో గుడారాలు పీకుతూ వేస్తూ తిరిగిన మోషే ప్రార్థనగా దాన్ని చెబుతారు. దాన్ని మీ కోసం చదువుకోండి, అమ్మగారి చేత సంతకం పెట్టించడానికి మాత్రం కాదు.

క్రిస్మస్‌కు ముందే ఒక్కరే వెళ్లి అమ్మగారి దగ్గర నాలుగు రోజులు ఉండండి. ఇల్లు ఉంచాలా అమ్మాలా అని మొదటి రోజే అడగొద్దు. రాత్రిళ్లు భయమేస్తోందా, బాత్రూమ్‌లో పడతానని బెంగ ఉందా, స్త్రీల సమాజం వాళ్లు వచ్చి పోతున్నారా, ఇవి కనుక్కోండి. రాత్రి తోడుకు ఒక మనిషి దొరికితే సగం సమస్య తీరవచ్చు. లేదూ, "నాకు ఓపిక లేదమ్మా, మీ దగ్గరే ఉంటా" అని ఆవిడే అనవచ్చు. అప్పుడు ఏడుస్తూనైనా మీరు ఒప్పుకోవాలి. కానీ అన్నయ్య అన్నట్టు ఆరు నెలలక్కడ, ఆరు నెలలిక్కడ తిప్పడం వద్దు. యేసు సిలువ మీద నుంచి తల్లిని ఒక శిష్యుడికి అప్పగిస్తే అతను ఆమెను తన ఇంట్లో చేర్చుకున్నాడని యోహాను రాశాడు. మీ అమ్మగారికీ ఇది నాది అనుకునే గది ఒకటి ఉండాలి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఇల్లు నాన్నగారి పేరున ఉండి, ఆయన వీలునామా రాయకపోతే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మూడో వంతు అమ్మగారిది. మిగతాది మీ ఇద్దరికీ సమానం, ఆడామగా తేడా లేదు. అమ్మగారి ఇష్టం లేకుండా ఆవిడ వాటా ఎవరూ అమ్మలేరు. కాగితాలు ఒక లాయరుకు చూపించండి. పాస్టరుగారిని కూడా ఒకసారి అమ్మగారిని చూసి రమ్మనండి. అన్నయ్యకు ఈ రోజే ఫోన్ చేసి, అమ్మతో మాట్లాడకుండా సంతకం పెట్టనని నెమ్మదిగా చెప్పండి. ఆయన వాక్యాలు చెబితే వినండి, వాదనకు దిగకండి.