యుద్ధం జరుగుతుండగా కెఫియా వేసుకుని ఆఫీసుకి వెళ్లొచ్చా?

రుషికొండలో ఐటీ ఉద్యోగం. గాజాకు మద్దతుగా పాలస్తీనా గళ్ల కండువా (కెఫియా) వేసుకుంటే ఉద్యోగానికి ఇబ్బందా అన్నది ప్రశ్న.

ముందు అపాయింట్‌మెంట్ లెటర్, డ్రెస్ కోడ్ తీసి చదవండి. ‘రాజకీయ చిహ్నాలు వద్దు’ అని అందులో ఉంటే, భావప్రకటన స్వేచ్ఛ పేరుతో ప్రైవేటు కంపెనీ మీద గెలవడం కష్టం. ఏమీ లేకపోతే, ఏ రోజుల్లో వేసుకుంటారో హెచ్‌ఆర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి. ఇతరుల పార్టీ కండువాలకో, మరో దేశపు జెండా బ్యాడ్జీలకో అడ్డు చెప్పని కంపెనీ మిమ్మల్ని మాత్రమే ఆపితే, మీ వాదనకు అసలు బలం అదే. తేదీలతో రాసిపెట్టుకోండి.

తీసేయమంటే అక్కడికక్కడ వాదించకండి. తీసేసి, కారణం రాతపూర్వకంగా అడగండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: కండువా తప్పని నిరూపించడం కంటే ‘పైఅధికారి ఆదేశం ధిక్కరించారు’ అని నిరూపించడం యాజమాన్యానికి చాలా తేలిక.

ప్రభుత్వోద్యోగుల సంగతి వేరు. నిరసన ప్రదర్శనలన్నిటినీ నిషేధించే నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పింది. కానీ కేంద్ర ఉద్యోగి ఒంటి మీద ఎన్నికల గుర్తు ప్రదర్శిస్తే 1964 ప్రవర్తనా నియమావళి ప్రకారం తప్పే.

గాజువాక వైపు ఫ్యాక్టరీల్లో అయితే తిరిగే యంత్రాల దగ్గర ఏ కండువా అయినా ప్రాణాంతకం. ఉక్కు కార్మికులకు అలవాటైన నల్ల బ్యాడ్జీయే మేలు, అదీ పిన్నుతో కాకుండా కుట్టించుకుని.