డబ్బు ఎవరిదో అడుగు

ప్రియమైన తమ్ముడికి,

ఆ కొత్త పత్రిక పారితోషికం బాగా ఇస్తోందనీ, రాజకీయాల జోలికి పోదనీ రాశావు. రాయొద్దని నేననను. డబ్బు ఎక్కడిదో ముందు అడుగు.

1950లో బెర్లిన్‌లో పుట్టిన కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ అనే రచయితల, మేధావుల సంస్థ కథ తెలుసుకో. పేరులో స్వేచ్ఛ, వెనక అమెరికా గూఢచార సంస్థ సీఐఏ సొమ్ము. అది ఫార్‌ఫీల్డ్ ఫౌండేషన్ లాంటి సంస్థల చేతులు మారి వచ్చేది. 1953లో లండన్‌లో మొదలైన ఎన్‌కౌంటర్ అనే సాహిత్య పత్రికను ఆ డబ్బే నడిపింది. మన దేశంలో 1955 నాటి క్వెస్ట్ పత్రిక కూడా ఆ సంస్థ భారత శాఖ పెట్టిందే. 1967లో గుట్టు పూర్తిగా రట్టయ్యాక ఎన్‌కౌంటర్ సంపాదకుడు, కవి స్టీఫెన్ స్పెండర్ రాజీనామా చేశాడు. తనను మోసం చేశారన్నాడు. నేనా మాట నమ్ముతాను, నా భయమూ అందుకే. సంపాదకుడికి తెలియకపోయినా సీఐఏ పని జరిగిపోయింది.

ఎలా జరిగిందంటావా? ఫలానాది రాయమని రచయితల మీద ఒత్తిడి అక్కర్లేదు. మంచి కవిత్వం, మంచి విమర్శ వేశారు. సోవియట్ నియంతృత్వం మీద రాసేవాళ్లకు చోటు ఎప్పుడూ ఉండేది. 1958లో అమెరికన్ విమర్శకుడు డ్వైట్ మక్డొనాల్డ్ అమెరికా జీవితాన్ని దులిపేస్తూ వ్యాసం ఇస్తే మాత్రం ఎన్‌కౌంటర్ వాళ్లు ముందు తీసుకుని, తర్వాత వద్దన్నారు. అంతకుముందు ఆయన ఆ పత్రికలోనే పనిచేసినవాడు! ఒక వ్యాసం వెనక్కొస్తే ఆ సంగతి పదిమందికీ తెలుస్తుంది. ఆ తర్వాత అలాంటిది రాయాలనే ఆలోచనే రాదు. తమ్ముడూ, నీ విషయంలో నేను భయపడేది దీనికే.

రచన మంచిదైనంత మాత్రాన దాన్ని ఎవరూ వాడుకోరనుకోకు. రష్యన్ రచయిత బోరిస్ పాస్టర్నాక్ నవల డాక్టర్ జివాగోను సోవియట్ ప్రభుత్వం అచ్చు కానివ్వలేదు. 1958లో సీఐఏ దాన్ని రష్యన్‌లో అచ్చు వేయించి బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో సోవియట్ సందర్శకులకు పంచిపెట్టించింది. ఆ పత్రాలు 2014లో బయటికొచ్చాయి. నవల మీద నా ప్రేమ తగ్గలేదు. కానీ నోబెల్ వద్దనాల్సి వచ్చిందీ, స్వదేశంలో తిట్లు తిన్నదీ పాస్టర్నాక్ ఒక్కడే.

నువ్వు రాసిన ఆ కొత్త పత్రిక ఏడాది సంచికలు తెప్పించుకో. ఆ ఏడాది అందరూ మాట్లాడుకున్న వాటిలో ఏది అందులో లేదో చూడు. నిధులెక్కడివని సంపాదకుడికి ఉత్తరం రాయి. సూటిగా జవాబొస్తే కథ పంపు. రాకపోతే నాకు పంపు. డబ్బు తక్కువే ఇస్తారు గానీ, చందాదారులే పోషిస్తున్న చిన్న పత్రికలు రెండు మూడు నాకు తెలుసు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య