‘అబేర్’ రాస్తే మార్కులు ఎందుకు పోయాయి?

ప్రశ్న: కాలేజీలో నా సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్. ఇప్పుడు ఆన్‌లైన్‌లో స్పానిష్ మొదలుపెట్టాను. ‘నా దగ్గర పుస్తకం ఉంది’ అనడానికి ఫ్రెంచ్‌లో ‘అవ్వార్’ క్రియ వాడతాం కదా, దాని స్పానిష్ రూపం ‘అబేర్’ అని డిక్షనరీలో చూసి అదే రాస్తే, టీచర్ కొట్టేసి ‘తెనేర్’ అని దిద్దారు. రెండూ ఒకే క్రియ అయినప్పుడు ఇదేం పద్ధతండీ?
– ఒక విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ టీచర్ దిద్దింది కరెక్టే, మీరు పట్టుకున్న చుట్టరికమూ కరెక్టే. ఫ్రెంచ్ అవ్వార్, ఇటాలియన్ అవేరే, స్పానిష్ అబేర్, పోర్చుగీసు అవేర్ అన్నీ లాటిన్ ‘హబేరే’ నుంచి వచ్చినవే. కాకపోతే స్పానిష్‌లో అది బాగా అరిగిపోయింది. ‘హ’ రాస్తారు గానీ పలకరు, ఇక ‘నేను’తో వచ్చే రూపమైతే ఒక్క అక్షరం, ‘ఎ’. పాత స్పానిష్‌లో వస్తువులకు కూడా దాన్నే వాడేవాళ్లు, పోను పోను ఆ పని ‘తెనేర్’ చేతికి వచ్చింది. దాని లాటిన్ మూలానికి అర్థం పట్టుకోవడం. పోర్చుగీసులోనూ ఇదే జరిగింది.

అలాగని ‘అబేర్’ని తక్కువ చూడకండి, అది భవిష్యత్ కాలంలో దాక్కుని ఉంది. లాటిన్ జనం ‘కాంతారే హబేయో’ అనేవాళ్లు, అంటే ‘పాడవలసి ఉంది’ అని. అదే క్రమంగా ‘పాడతాను’ అయి, రెండు మాటలూ అతుక్కుపోయాయి: స్పానిష్ ‘కాంతార్’కి ‘ఎ’ చేరి ‘కాంతరే’, ఫ్రెంచ్ ‘షాంతే’ క్రియకి ‘జె’లోని ‘ఎ’ చేరి ‘షాంతరే’, ఇటాలియన్‌లో ‘ఒ’ చేరి ‘కాంతెరో’. మన ‘పాడవలయును’ ‘పాడవలెను’ అయి, చివరికి ‘పాడాలి’ అయిపోలేదూ, అచ్చం అలాగే. పోర్చుగీసులో ఆ అతుకు ఇంకా కనిపిస్తుంది, గ్రాంథికంగా రాసేటప్పుడు ‘నీకు ఇస్తాను’ అనడానికి ‘దార్-తె-ఎయ్’ అని ‘నీకు’ని మధ్యలో పెడతారు! నాకైతే ఇది చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

ఇంకోటి, ఇంగ్లిష్ ‘హావ్’ కూడా ఈ బాపతే అనుకుంటారు చాలామంది. కాదు. దాని లాటిన్ చుట్టం ‘పట్టుకొను’ అనే అర్థమున్న ‘కాపెరే’. లాటిన్ ‘క’కి ఇంగ్లిష్‌లో ‘హ’ రావడం మామూలే, ‘కెంటుమ్’కి ‘హండ్రెడ్’ లాగా.

ఇక పరీక్ష సంగతి. వస్తువైనా, వయసైనా, ఆకలైనా ‘తెనేర్’ రాయండి: ‘తెంగో ఉన్ లీబ్రో’, ‘తెంగో ఆంబ్రే’. పక్కన ఇంకో క్రియ భూతకాల రూపంలో వస్తే అప్పుడు ‘అబేర్’: ‘ఎ కొమీదో’, తిన్నాను. ‘నీళ్లున్నాయి’ అనాలన్నా దాని రూపమే, ‘ఐ ఆగ్వా’.